కల్లావి ఎండ

శుక్రవారం పొద్దున నేను మందు కొట్టిన చోటల్లా కార్పెట్ ఎర్రబడింది.

హోసూరులో బండ్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీ ఆఫీసు అది. మీటింగ్ హాలు ముందు పొడుగాటి నడవా, నడవా నిండా బూడిద రంగు కార్పెట్. బుధవారం ఆయుధ పూజ, గురువారం సెలవు. శుక్రవారం పదింటికి వచ్చి డెమో చూపించమన్నారు. ఈ నడవా శుభ్రం చేసి చూపిస్తే మూడంతస్తులకూ ఏడాది కాంట్రాక్టు గురించి మాట్లాడదామని అడ్మిన్ మేనేజర్ మోహన్‌రాజ్ గారి మాట. నాలుగు నెలలు ఆయన గది బయట కుర్చీలో కూర్చుంటే దొరికిన డెమో.

అప్పటిదాకా మా పనంతా ఇళ్లలోనే. అపార్ట్‌మెంట్లలో సోఫాలు, పిల్లలు పాలు ఒలకబోసిన తివాచీలు, ఒకసారి బాగలూరు రోడ్డులో కల్యాణ మండపం. ఒక వారం ఆరిళ్లు వస్తాయి, తర్వాత రెండు వారాలు ఫోను మోగదు. మోగదని తెలిసినా పది నిమిషాలకోసారి తీసి చూస్తాను. ఒక్క కంపెనీ దొరికితే నెల నెలా పని ఉంటుంది. దొరక్కపోతే దీపావళి కాగానే తన ఓమ్ని వ్యాను తీసుకుని మళ్లీ జూజువాడి టాక్సీ స్టాండుకు పోతానని నాతో పనిచేసే ఏళుమలై అన్న ముందే చెప్పేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇద్దరు పిల్లలున్నారు. కానీ ఆ బండి లేకపోతే నా మెషిన్‌ను నెత్తిన పెట్టుకుని తిరగలేను.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మూడేళ్లు ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కాంట్రాక్టు మీద చేసి, మానేసి ఈ పని పెట్టాను. అంటే ఆ ఎరుపు చూసిన మరుక్షణం అదేమిటో నాకు తెలియాలి. తెలియలేదు. స్ప్రే డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

“ఏమ్మా నాగవేణీ, ఏమిది? రక్తం మాదిరి ఉండాదే!” మోహన్‌రాజ్ గారు రెండడుగులు వెనక్కి వేశారు. “సోమవారం తొమ్మిదికి కస్టమర్ ఆడిట్ పెట్టుకోనుండాము. పూజ చేసిన మూడో దినమే ఈడ ఇట్లయితే, మా ప్లాంట్ హెడ్ నన్ను గుమ్మడికాయ కొట్టినట్టు కొడతాడు.”

స్తంభం పక్కన మాప్ పట్టుకుని నిలబడిన హౌస్‌కీపింగ్ అంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోంది.

“ఆరతి నీళ్లు కలిపినావు కదమ్మా! పసుపులోకి సున్నం పోస్తే ఇంకేమయితాది?”

“పసుపా?”

“పూజ దినం పసుపు నీళ్ల చెంబు ఈడే దొర్లిపోయె. నేనే తుడిచినాను. ఆ మాట చెప్దామని వస్తిని. నువ్వు ‘కొంచెం జరుగక్కా, కెమికల్ పడతాది’ అంటివి. జరిగినాను.”

నిజమే. అన్నాను.

బూడిద రంగు మీద ఎండిన పసుపు, మట్టి మరకలా కనిపించింది. మురికి వదిలేలా మేం ముందుగా కొట్టే మందు క్షారం. పసుపు మీద క్షారం పడితే ఎర్రబడుతుందని ఏడో తరగతి సైన్సు పుస్తకంలో ఉంటుంది. పసుపు పూసిన కాగితంతో ఆ ప్రయోగం నేను ట్యూషన్ పిల్లలకు చేసి చూపించాను కూడా. గడపలో ఆరతి పళ్లెం పట్టే ఏ ఆడమనిషినడిగినా పుస్తకం లేకుండా చెబుతుంది.

పులుపు పడితే ఎరుపు పోతుంది, అంతవరకు గుర్తొచ్చింది. నిమ్మకాయలు కావాలన్నాను. ఏళుమలై అన్న మీటింగ్ హాలు గుమ్మానికి వేలాడుతున్న నిమ్మకాయల దండవైపు చేయి చాపాడు.

“దాని జోలికి పోవద్దప్పా!” అంజినమ్మ అరిచింది. “పూజది అది. క్యాంటీన్‌లో తెస్తానుండు.”

ఎనిమిది కాయలు తెచ్చింది. పిండి చల్లి, మెషిన్‌తో నీళ్లు లాగేశాం. ఎరుపు పోయింది. పసుపు తిరిగి వచ్చింది. మురికి పోయిన కార్పెట్ మీద అది ఇంతకుముందు కంటే బాగా కనిపిస్తోంది.

మోహన్‌రాజ్ గారు ఫోను చెవిన పెట్టుకుని కిటికీ దాకా వెళ్లి వచ్చారు. “బెంగుళూరోళ్లను అడిగినాను. పసుపు పోయేది కాదు, టైల్స్ మార్చాల్సిందే అంటారు. వాళ్లు నీ కంటే ముందర నాకు కొటేషన్ ఇచ్చినోళ్లు, తెలుసు కదా.”

“పోతుంది సార్. ఎండలో పెడితే పోతుంది. మీ తెల్ల చొక్కా మీద పసుపు పడితే మీ ఇంట్లో ఏం చేస్తారు?”

“మా ఇంట్లో నన్ను తిడతారు.”

“ఉతికి ఎండలో వేస్తారు సార్, వేరే ఏముండాది,” అంది అంజినమ్మ.

ఆఫీసు కార్పెట్ ఒకే గుడ్డ కాదు. మూర మూర చదరపు ముక్కలుగా అతికిస్తారు, టైల్స్ అంటారు. లేపితే వస్తాయి. మరక పడినవి ముప్పై రెండు లేచాయి. వాటి కింద సిమెంటు నేల బోడిగా బయటపడింది. ఆ నేల చూసి మోహన్‌రాజ్ గారు గదిలోకి వెళ్లిపోయారు.

టైల్స్‌ను ఆఫీసు మేడ మీద పరిచాం. మబ్బు. శుక్రవారం సాయంత్రం దాకా మబ్బే. శనివారం లేచి చూస్తే అదే మబ్బు, దానికి తోడు చలిగాలి. నేను ఆ రోజు మేడ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో తెలియదు. ఒకసారి మేఘం పలచబడినట్టు ఉంటుంది, పరుగెత్తుకుంటూ వెళ్తాను, నేను వెళ్లేసరికి మూసుకుపోతుంది. పదకొండు తర్వాత నాలుగు చినుకులు పడ్డాయి. ముప్పై రెండింటినీ నీళ్ల ట్యాంకు కిందికి లాగాం. చినుకులు ఆగాయి. మళ్లీ బయటికి లాగాం.

“ఆ ఫోన్‌లో ఎండ బొమ్మ రాలేదా అమ్మా ఇంకా?” అన్నాడు ఏళుమలై అన్న. “స్టాండులో మా గోవిందప్ప అడుగుతా ఉండాడు, ఎప్పుడొస్తావని.”

“దీపావళి దాకా అన్నావు కదన్నా.”

“దీపావళి ఏమన్నా దూరంలో ఉండాదా?”

మధ్యాహ్నం నాయన ఫోను చేశాడు. మాది ఊత్తంగరై దగ్గర కల్లావి. నాయన గంగప్ప రోజూ అన్నం తిన్నాక చేసి రెండే ప్రశ్నలు అడుగుతాడు, తిన్నావా, పని ఉందా. ఆ రోజు మూడో మాట కలిపాడు. “చెనక్కాయలు బండ మీద ఎండేసినాను పాపా. ఎండ పెళ్లున కాస్తా ఉండాది. రెండు దినాల్లో మూటలు కట్టేయచ్చు.”

నేను ఫోను పట్టుకుని తల పైకెత్తి ఆకాశం చూశాను. హోసూరు గట్టు మీద ఊరు. ఇక్కడ మబ్బు పట్టినా, గట్టు దిగితే కృష్ణగిరిలో చెమటలు కారుతుంటాయి. చిన్నప్పటి నుంచీ బస్సులో తెలిసిన సంగతి. దీనికి కెమిస్ట్రీ అక్కర్లేదు.

గేటులో సెక్యూరిటీ, పాస్ లేకుండా గుండుసూది కూడా బయటికి పోనివ్వనన్నాడు. ముప్పై రెండు టైల్స్, తిరిగి తెచ్చేవి, ఆదివారం సాయంత్రం లోపు అని రాయించుకుని మోహన్‌రాజ్ గారి ముందు పెట్టాను.

“రేపు తేలేదనుకో?”

“తెస్తాను సార్.”

“తేలేదనుకో. సోమవారం ఆ దొరలు సిమెంటు మీద నడుస్తారు. నేను మీ ఓమ్నిలో క్లీనర్‌గా వస్తాను.” సంతకం పెట్టారు.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. శూలగిరి దాకా అద్దం మీద మంచు, వైపర్ కిర్రు కిర్రుమంటూనే ఉంది. గట్టు దిగి కృష్ణగిరి దగ్గరపడేసరికి ఎడమ పక్క నుంచి వెలుగు వచ్చి ఏళుమలై అన్న ముఖం మీద పడింది. ఆయన వైపర్ ఆపి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, “వచ్చినాడమ్మా నీ కస్టమర్,” అన్నాడు.

కల్లావిలో మా చేను పక్కన పెద్ద చదును బండ ఉంది. దాని నిండా చెనక్కాయలు. నాయన తలగుడ్డ చుట్టుకుని కాలితో కాయలు కదుపుతున్నాడు. ఓమ్ని చూసి ఆగాడు. మేం దించిన టైల్స్ చూశాడు. ఒకటి ఎత్తి వాసన చూశాడు.

“ల్యాబ్ వద్దంటివి. సరే అంటిని. చదివి చదివి చాపలు ఎండేసేదానికి వస్తివా?”

“పసుపు పడింది నాయనా. రేపు పొద్దునకు పోవాల. లేదంటే కాంట్రాక్టు రాదు.”

“ఎన్ని?”

“ముప్పై రెండు.”

ఆయన పార తెచ్చి కాయలను ఒక పక్కకు తోయడం మొదలుపెట్టాడు. సగం బండ ఖాళీ చేశాడు. మట్టి ఉంటుందని తలగుడ్డ విప్పి ఆ మేర తుడిచాడు. టైల్స్ పరిచాక, “తిరగెయ్యాలా?” అన్నాడు.

“వద్దు. మరక ఉండే పక్కే ఎండ చూడాల.”

నేను కాస్త కాస్త నీళ్లు చల్లుతూ వాటి మధ్య తిరిగాను. తడిగా ఉంటే రంగు త్వరగా విరుగుతుంది. తొమ్మిది. తొమ్మిదింపావు. వంగి చూస్తాను, మారిందా లేదా అర్థం కాదు, పక్కదానితో పోల్చుకుంటాను, మళ్లీ మొదటిదానికి వస్తాను.

“కూర్చో పాపా,” అన్నాడు నాయన.

“కూర్చోలేను.”

“నువ్వు నిలబడితే దాని మీద నీ నీడ పడతా ఉండాది. కూర్చో.”

ఏళుమలై అన్న కాయలు ఒలుచుకుంటూ పగలబడి నవ్వాడు. నేను వెళ్లి చేను గట్టు మీద కూర్చున్నాను. దారిన పోతున్న ఆంజప్ప మామ సైకిలు ఆపి అరిచాడు. “గంగప్పా, ఏం పండించినావప్పా కొత్తగా?”

“కంపెనీ సామాన్లు,” అన్నాడు నాయన, అటు చూడకుండా. “పాప టెస్టింగ్ చేస్తా ఉండాది.”

మధ్యాహ్నం రెండింటికి ముప్పై ఒకటి బూడిద రంగుకు తిరిగి వచ్చాయి. ఒక్కటి మిగిలింది. చెంబు నేరుగా దాని మీదే పడినట్టుంది, మధ్యలో అరచేయంత లేత పసుపు. మూడు దాకా చూశాను. ఇక ఆగితే సాయంత్రానికి చేరలేం.

ఐదున్నర కాకముందే కంపెనీలో ఉన్నాం. టైల్స్ పరుస్తుంటే ఏళుమలై అన్న ఆ చివరిది తీసుకెళ్లి మూలనున్న సోఫా కింద సర్దాడు. “ఈడ ఎవరు చూస్తారమ్మా?” నేను కాదనలేదు. మోహన్‌రాజ్ గారు ఆదివారం బట్టల్లో వచ్చి నడవా ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచారు.

“యాడుండె మరక?”

నా చేతిలో గేట్ పాస్ ఉంది. ముప్పై రెండు తిరిగి ఇచ్చినట్టు రాసి సంతకం పెట్టాలి. ల్యాబ్‌లో మూడేళ్లు, ముప్పై రెండింటిలో ఒకటి తప్పితే ఒకటి తప్పిందని రాసిన చేయి ఇది. సోఫా ఒక పక్క ఎత్తాను.

“ఇది పూర్తిగా పోలేదు సార్. ఇంకో రెండు రోజుల ఎండ కావాలి.”

ఆయన వంగి చూశారు. ఏళుమలై అన్న నా వైపు చూసిన చూపు నేను పట్టించుకోలేదు.

“సరే,” అన్నారు చివరికి. “రేపు ఒక వై-వై రాసి ఇయ్యి. అది చూసి కాంట్రాక్టు సంగతి చెప్తా.”

ఈ ఫ్యాక్టరీల్లో ఏ తప్పు జరిగినా కాగితం మీద ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగి ఐదుసార్లు జవాబు రాయాలి. సోమవారం ఆడిట్ వాళ్లు లోపల నడుస్తుంటే నేను సెక్యూరిటీ గదిలో కూర్చుని రాశాను. ఎందుకు ఎర్రబడింది? పసుపు మీద క్షారం పడింది. ఎందుకు పడింది? పసుపు ఉందని తెలియలేదు. ఎందుకు తెలియలేదు? అడగలేదు. ఎందుకు అడగలేదు? చెప్పడానికి వచ్చిన మనిషిని పక్కకు జరగమన్నాను.

ఐదోది దగ్గర పెన్ను ఆగింది. లేచాను, గేటు దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. చివరికి రాశాను: ఊడ్చే మనిషికి నాకంటే ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఏళుమలై అన్న నా భుజం మీదుగా చూసి, నా చేత చదివించుకున్నాడు. “కొట్టెయ్యమ్మా దాన్ని. ఇట్ల రాస్తే ఎవరన్నా పని ఇస్తారా?” కొట్టేయాలనే అనిపించింది. కానీ ఆ గడిలో వేరే ఏది రాసినా అబద్ధమే. అలాగే ఇచ్చాను.

మోహన్‌రాజ్ గారు ఒంటిగంటకు పిలిచారు. ఆడిట్ బాగానే జరిగినట్టుంది, ముఖం తేటగా ఉంది. కాగితం చదివి, కళ్లద్దాలు తీసి, ఐదో జవాబు మీద అడ్డంగా గీత గీశారు.

“ఇది ఫైల్లోకి పోదమ్మా. ‘చెక్‌లిస్ట్ లేదు’ అని రాయి. ఆడిటర్‌కు నీ మనసు వద్దు, కాగితం కావల.” కాగితం నా వైపు తోశారు. “ఫైల్లోకి పోదన్నాను. తప్పని అనలేదు. మొదటి అంతస్తు, మూడు నెలలు. తక్కింది తర్వాత చూద్దాం. సాయంత్రానికి చెక్‌లిస్ట్ తే.”

మూడంతస్తులు అడిగాను, ఒకటి వచ్చింది. ఏడాది అడిగాను, మూడు నెలలు వచ్చాయి. బయటికొచ్చి చెబితే ఏళుమలై అన్న వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “దీపావళి దాటతాది. పొంగల్ దాటదు.”

“అప్పటికి ఇంకొకటి పట్టాల.”

“నువ్వు ఊరికే కూర్చుంటావా ఏమన్నా.”

చెక్‌లిస్ట్‌లో మొదటి వరుస, పని మొదలుపెట్టే ముందు ఏమేం ఒలికాయో హౌస్‌కీపింగ్‌ను అడిగి రాయాలి. చివర వాళ్ల సంతకం. మొదటి అంతస్తులో కాగితం తీసుకెళ్లి అంజినమ్మ ముందు పెట్టాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నా సంతకమా? ఎందుకమ్మా? రేపేమన్నా చెడిపోతే అంజినమ్మే చెప్పె అని నా మీదికి తోసేదానికా?”

నేను ఆ మాట ఆలోచించలేదు. ఆమె ఆలోచించింది. కింద ఇంకో గీత గీసి, దాని మీద నా పేరు రాసి సంతకం పెట్టాను. “చెడిపోతే నాది. నువ్వు చెప్పినావనేదానికే నీది.”

ఆమె కాగితాన్ని కాసేపు తిప్పి చూసింది. తర్వాత గోడకు ఆనించి, తమిళంలో ఒక్కో అక్షరం పేర్చి పేరు రాసింది. పెన్ను తిరిగి ఇస్తూ నడవా వైపు చేయి చూపించింది.

“రాసుకో. ఆ మూల కాఫీ. ఈడ సాంబారు, రెండు నెలలయ్యె. ఆ అద్దాల రూములో ఏందో నల్లది, అది మాత్రం అడగొద్దు, సారే పోసుకున్నారు.”

“నల్లది అంటే సిరానా, నూనెనా అక్కా?”

“ముందర ఈడికి రా,” అంది, నడుస్తూనే. “ఇంకా శానా ఉండాది.”