చెయ్యి పడిన చోటు

"సుద్దముక్క తెచ్చుకో నోరీన్" అన్నాడు రోలండ్, స్టీరింగు ముందు కూర్చుని కళ్లు మూసుకుంటూ.

నోరీన్ సెలూన్ తువ్వాళ్లు మడత పెడుతోంది. జుట్టు కత్తిరించడానికి జీతం ఇస్తారు గానీ, ఆ తువ్వాళ్లు ఇంటికి తెచ్చి ఉతకడానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ సంగతి ఎత్తితే ఓనరమ్మ "నీ మిషన్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుందిగా" అని నవ్వుతుంది. నోరీన్ మడత సగంలో వదిలేసి గరాజ్‌లోకి వెళ్లింది. కారు తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తివాచీ ముందే పీకేశారు. అడుగు రేకు బోసిగా కనిపిస్తోంది.

నేల మీద గేర్ లివర్ పెట్టించుకునేవాళ్లు ఈ ఊళ్లో అందరూ చేసే పనే ఇది. సీటు తమకు కావలసినట్టు జరుపుకుంటారు. కళ్లు మూసుకుని కుడిచెయ్యి వదిలేస్తారు. అది హాయిగా ఎక్కడ వాలితే లివర్ పిడి అక్కడ ఉండాలన్నమాట. పక్కనున్నవాళ్లు దానికి సూటిగా కింద గీత గీస్తారు. ఆ గీత మీదే రేకుకు చిల్లు పెడతారు. చిల్లు ఒకసారి పడిందంటే ఇక అంతే. కారు ఎవరి చేతికి అందాలో, ఎవరి చేతికి అందకూడదో ఆ చిల్లే తేల్చేస్తుంది.

రోలండ్ చెయ్యి బాగా వెనక్కి, దాదాపు సీటు అంచు దగ్గర పడింది. నోరీన్ గీత గీసింది. అతను కళ్లు తెరిచి, చూసి, "భేష్" అన్నాడు, గీత తనే గీసుకున్నట్టు.

ఆ కారు నోరీన్ వాళ్లమ్మ థెల్మాది. ఓహయోలో సగం మంది పనివాళ్ల ఇళ్ల ముందు ఒకప్పుడు నిలబడి ఉండే ఇంపాలానే. థెల్మా పొట్టి మనిషి. సీటు ముందుకు లాక్కుని, స్టీరింగుకు గెడ్డం ఆనేలా కూర్చుని, రోజూ టైర్ల ఫ్యాక్టరీకి వెళ్లొచ్చేది. నోరీన్‌కు ఆ పొట్టితనమూ వచ్చింది, ఆ కారూ వచ్చింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె నడిపింది కూడా. ఆ సీటు పొడుగాటి బెంచి. జరిపితే రెండు వైపులూ కలిసే జరుగుతుంది. ఆమె ముందుకు లాక్కునేసరికి పక్కనున్న రోలండ్ మోకాళ్లు వెళ్లి ముందున్న డాష్‌బోర్డుకు తగిలాయి. వెనక కూర్చున్న అత్తగారు ఓపల్ పడీ పడీ నవ్వింది. "మొగుణ్ణి మడతపెట్టి డబ్బాలో కుక్కి తను బండి తోలుతుందిట!" అంది. అక్కడి కార్లకు స్టీరింగు ఎడమవైపు. మరుసటి రోజు నుంచీ నోరీన్ కుడివైపే కూర్చుంది. సీటు వెనక్కి వెళ్లిపోయింది. ఆమె కాళ్లు నేలకు ఆనడం మానేశాయి. చర్చికి వెళ్తున్నా, పాత కార్ల షోలకు వెళ్తున్నా, చిన్నపిల్లలా కాళ్లు ఊపుకుంటూ వెళ్లింది. దిగేసరికి తొడల కింద తిమ్మిరి పట్టేసేది.

షోలలో కారు వెనక మడత కుర్చీ వేసుకుని కూర్చోవడం, శాండ్‌విచ్‌లు అందించడం, బంపర్ మీద వేలిముద్రలు తుడవడం ఆమె పని. సీటు గుడ్డ మూడు శీతాకాలాలు కూర్చుని ఆమే కుట్టింది. చూసినవాళ్లు దాన్ని నిమిరి "మీవారి పనితనం అద్భుతమండీ" అంటే చిరునవ్వు నవ్వేది. ఆ నవ్వు ఎందుకు నవ్విందా అని దారి పొడుగునా తన మీద తనకే ఒళ్లు మండేది. మండి ఏం లాభం, వచ్చే షోలోనూ నవ్వేది.

ఇప్పుడు గేర్‌బాక్స్ మార్చాడు రోలండ్. స్టీరింగు పక్కనున్న పాత లివర్ కొత్త గేర్లతో కలవడం లేదు. అందుకే నేల మీది లివర్ కావలసి వచ్చింది. ఆ మాట అనగానే నోరీన్ మనసు లేచి కూర్చుంది. ఏళ్ల తరబడి ఎత్తిన చేతులతో కత్తెర ఆడించి ఆమె కుడి భుజం బిగుసుకుపోయింది. పాత లివర్ పైకెత్తి లాగాలంటే ప్రాణం పోతుంది. లివర్ కిందకు వస్తే మోచెయ్యి ఎత్తకుండా గేర్ వెయ్యొచ్చు. అంటే అమ్మ కారు మళ్లీ తను నడపొచ్చు. ఈ ఆలోచన ఆమెను వారం రోజులుగా నిలవనివ్వడం లేదు. ఎవరి జుట్టో కత్తిరిస్తూ కుడిచెయ్యి మధ్యలో కిందకు జారవిడిచి చూసుకుంటోంది. రోలండ్‌కు మాత్రం చెప్పలేదు. అడుగుతాడేమోనని చూసింది. అడగలేదు.

మధ్యాహ్నం రోలండ్ ట్రక్కులో వెండెల్ షాపుకు వెళ్లారు. వెండెల్ పాత కార్ల సామాన్లు అమ్ముతాడు, కొనేవాడికంటే ఎక్కువ మాట్లాడతాడు. కౌంటర్ మీద రెండు లివర్లు పెట్టాడు. ఒకటి పొట్టిది, లావుపాటిది. పిడి గుప్పిట బిగించి నొక్కుతూ గట్టిగా గుంజితేనే కదులుతుంది. రెండోది పొడుగుది, మధ్యలో మెడ వంచినట్టు వంపు తిరిగి ఉంది. బెంచి సీటు ఉన్న కార్లకు ఆ వంపు ఉంటేనే అంచుకు తగలదని చెప్పాడు.

రోలండ్ పొట్టిదాన్ని గుంజి, నోటితో ఇంజను చప్పుడు చేశాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు. అతను కౌంటర్ వదిలి వాళ్లతో కబుర్లలో పడ్డాక నోరీన్ కూడా పొట్టిదాన్ని పట్టుకుని చూసింది. భుజంలో కలుక్కుమంది. వంపుదాన్ని పట్టుకుంది. మోచెయ్యి పక్కకు ఆనించే ఉంది, పిడి వెన్నలా జారింది. మళ్లీ వేసింది. మళ్లీ.

వెండెల్ అది చూశాడు. "ఇంతకీ బండి ఎవరు నడుపుతారు?" అని అడిగాడు.

రోలండ్ అటు నుంచే సమాధానం చెప్పేశాడు. "ఈవిడా? ఈవిడ శాండ్‌విచ్‌లతో పాటు ఎక్కుతుంది, శాండ్‌విచ్‌లతో పాటు దిగుతుంది." ఈసారి వెండెల్ కూడా నవ్వాడు. పొట్టిది పెట్టెలోకి వెళ్లింది. రేకుకు బిగించనంత వరకూ వెనక్కి తీసుకుంటానని వెండెల్ అలవాటుగా చెప్పాడు.

ఇంటికి వచ్చేదాకా ట్రక్కు సీటులోనూ నోరీన్ కాళ్లు ఊగుతూనే ఉన్నాయి. ఆ హాస్యం కొత్తది కాదు. అంతకంటే చెడ్డవి మింగింది. కానీ ప్రశ్న మాత్రం కొత్తది. ఎవరు నడుపుతారని ఈ ప్రపంచంలో ఒక మనిషి అడిగాడు, జవాబు తన నోట్లోనే ఉంది, నోరు తెరవలేదు. రోలండ్ అన్నదాని కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇవాళ తెరవకపోతే ఇంక ఎప్పుడు? సాయంత్రానికి చిల్లు పడిపోతుంది. తర్వాత తను ఎంత సాగినా చెయ్యి అక్కడికి పోదు. పోకపోతే, "నీకు అందదులేవే" అని జాలిగా అంటాడు.

రేకుకు చిల్లు పెట్టే గుండ్రటి రంపం అడగడానికి రోలండ్ పక్కింటికి వెళ్లాడు. నోరీన్ గరాజ్‌లోకి వెళ్లి ఎడమవైపు తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చుంది. సీటు కింద మీట పట్టుకుని లాగింది. ఎన్నో ఏళ్లుగా వెళ్లని చోటికి బెంచి కిర్రుమంటూ జరిగి, టక్కుమని ఆగింది. ఆమె రెండు పాదాలూ నేలకు ఆనాయి. మడమలతో సహా ఆనాయి. కళ్లు మూసుకుని చెయ్యి వదిలింది. తెరిచి చూస్తే, పొద్దున తను గీసిన గీత కంటే జానెడు ముందుంది.

పాత గీతను బొటనవేలితో చెరిపేసింది.

రోలండ్ రంపం పట్టుకుని వచ్చి గుమ్మంలో ఆగాడు. "గీత ఏది? అక్కడేం చేస్తున్నావ్?"

"ఆ పొట్టిది సోమవారం వెండెల్‌కి ఇచ్చేద్దాం. నాకు వంపుది కావాలి."

"నీకా?"

"నేను నడుపుతాను."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. నచ్చజెప్పే గొంతుతో మొదలుపెట్టాడు. సీటు ఇంత ముందుకు ఉంటే మనిషన్నవాడు పక్కన కూర్చోగలడా అన్నాడు. కావాలంటే చూడమని చుట్టూ తిరిగి వచ్చి కుడివైపు ఎక్కాడు. మోకాళ్లు వెళ్లి ముందున్న డాష్‌బోర్డుకు గుద్దుకున్నాయి. కాళ్లు ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"చూశావా? ఇలా షో దాకా ఎలా కూర్చోమంటావే?"

"ముప్ఫై ఏళ్లు నా కాళ్లు నేలకి ఆనలేదు రోలండ్. నేనెలా కూర్చున్నానో ఎప్పుడన్నా చూశావా?"

అతను నిజంగానే కిందకు చూశాడు. తన కాళ్లకేసి కాదు, ఆమె పాదాలకేసి.

నోరీన్ సుద్దముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"దిగు. ఇటు వచ్చి మోకాళ్ల మీద కూర్చో" అంది. కళ్లు మూసుకుని, కుడిచెయ్యి వదిలేసింది. రేకు మీద సుద్ద గీసుకున్న చప్పుడు వినేదాకా ఆమె కళ్లు తెరవలేదు.