తలుపు పక్క కుర్చీ

పంజాగుట్టలోని ఆ ఆసుపత్రిలో వెంటిలేటర్ తీయాలా వద్దా అన్నది ఇన్నాళ్లూ ముగ్గురు డాక్టర్లే తేల్చేవారు. ఇకపై నర్సులకూ అందులో మాట ఉంటుందని యాజమాన్యం ప్రకటించింది. ఫొటోలు తీయించుకుంది. కమిటీ గదిలో తలుపు పక్కన ఒక కుర్చీ వేయించింది. తలుపు తెరిచినప్పుడల్లా కమలకుమారి సిస్టర్ కుర్చీతో సహా పక్కకు జరగాలి. చూస్తున్న జెనీఫర్‌కు ఒళ్లు మండింది.

జెనీఫర్ తండ్రి క్రీస్తుదాసు రిటైరైన బస్సు కండక్టరు. ఊపిరితిత్తులు పోయి వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఈ రోజు కమిటీ తేల్చాల్సింది ఆయన సంగతే. మొదటిసారి గొట్టం తీసిన రోజు, కూతురు మందులకని అమీర్‌పేట వెళ్లినప్పుడు, ఆయన కమలకుమారి చెయ్యి పట్టుకున్నాడు. "మళ్ల గొట్టం పెట్టనియ్యకు బిడ్డా. నన్ను పోనియ్యుండ్రి" అన్నాడు. ఆమె డ్యూటీ దిగాక మళ్లీ పెట్టారు. ఆ మాట విన్నది ఆమె ఒక్కతే; జెనీఫర్‌కు తెలిసింది ఆమె చెప్పగానే. ఇప్పుడు ఆమె చెబితేనే అది లెక్కలోకి వస్తుంది.

డాక్టర్ కృష్ణమోహన్ ఫోనులోంచి తల ఎత్తకుండా మొదలుపెట్టారు.

"పేషెంటు తన ఇష్టమేంటో ఎవరికీ చెప్పలేదు. అంతేగా సిస్టర్?"

"యస్ సార్."

వార్డులో రోజూ ఇదే వరస. జ్వరం తగ్గిందిగా సిస్టర్? యస్ సార్. మిగతా ఇద్దరు డాక్టర్లు పనైపోయినట్టు సమోసాల ప్లేటు దగ్గరికి లాక్కున్నారు.

జెనీఫర్ లేచింది. అచ్చం డాక్టరు గొంతుతోనే అడిగింది.

"గొట్టం వద్దని మా డాడీ మీతోని అన్నడు. అంతేగా సిస్టర్?"

"యస్ మేడమ్."

నమలడం ఆగింది.

"రెండింటికీ యస్ అంటే ఎలాగమ్మా?" అన్నారు కృష్ణమోహన్.

"ముందుది అలవాటు సార్. వెనకది నిజం. నా చెయ్యి వట్టుకొని చెప్పిండు."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. "నర్సు విన్నదానికి విలువెంతో చూడాలి. సైకాలజిస్టును, ఫిజియోథెరపిస్టును కూడా కమిటీలో వేసుకుని వచ్చే వారం కూర్చుందాం."

"మస్తు పెంచుతున్నరు సార్ కమిటీని" అంది జెనీఫర్. "జర మా డాడీకి సుత ఒక కుర్చీ వెయ్యిండ్రి."

ఆయన వినిపించుకోకుండా తలుపు దాకా వచ్చి ఆగారు. కమలకుమారి కుర్చీ జరపలేదు.

"నేను చెప్పింది రాసి పోండి సార్."

కృష్ణమోహన్ జేబులు తడుముకున్నారు. రౌండ్స్‌కు కూడా ఆయన పెన్ను తెచ్చుకోరు. కమలకుమారి తన పెన్ను మూత తీసి ఇచ్చింది.