కుట్టుకు వదిలిన కొమ్ములు

క్రిస్మస్ పాటల రోజున బడిలో ఒక్కో పిల్లకి ఒక్కో కుర్చీ వేస్తారట. ఇంట్లోంచి ఎవరో ఒకరు వెళ్లి అందులో కూర్చోవాలట. ఆ కుర్చీ మీద టైలరమ్మ కన్ను పడింది. మంత్రి పదవి కోసం కూడా ఎవరూ అంత ఆశపడి ఉండరు.

ఆవిడకి ఆ ఇంట్లో ఇంకా కొత్త పోలేదు. భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఆయనకి ఇది రెండో పెళ్లి. పోయిన మొదటి భార్యకి పుట్టిన కూతురికి ఇప్పుడు ఏడేళ్లు. నోరు విప్పిందంటే ఇక మూయదు కాబట్టి వీధి వీధంతా ఆ పిల్లని గోరింక అంటారు. పేపరువాడితో కబుర్లు, ఎదురింటి కుక్కతో కబుర్లు, ఎవరూ దొరక్కపోతే అద్దంతో కబుర్లు. టైలరమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటికి తాళం. ఏమని పిలవాలో తెలియక కాదు, పిలవకూడదనే పంతం. మంచినీళ్లు కావాలంటే గుమ్మంలో నిలబడి దగ్గుతుంది. ఆకలేస్తే ఇంకాస్త గట్టిగా దగ్గుతుంది. పాపం, పిల్లకి జలుబు పట్టుకుందనుకుని టైలరమ్మ మొదట్లో సీసాడు మందు కూడా తాగించింది.

కుర్చీ సంగతి భోజనాల దగ్గర తేలిపోయింది.

"ఆ రోజు నాకు డ్యూటీ ఉందే. నువ్వు వెళ్లిరా" అన్నాడు ఆయన, భార్యతో.

"కింద మామ్మ వస్తుంది. నేను చెప్పేశాను కూడా" అంది గోరింక, పళ్లెంలోంచి తల ఎత్తకుండా.

కింద మామ్మ అంటే కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడ. రెండు మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకుని కూలబడే మనిషి. ఆవిడ పాటి చెయ్యనా నేను అనుకుంది టైలరమ్మ. అనుకుని, పైకి మాత్రం "మామ్మయితే ఇంకేం, బాగుంటుంది" అంది.

మర్నాడు సాయంత్రం గోరింక బడి నుంచి సంచీ నిండా పని మోసుకొచ్చింది. పిల్లలంతా రెయిన్‌డీర్లయి పాడాలట. గోధుమరంగు చార్టు మీద తమ రెండు చేతులూ గీసి, కత్తిరించి, తలపట్టీకి అంటించుకుంటే అవే కొమ్ములట. ఇంకో కాగితం మీద రెయిన్‌డీర్ బొమ్మ ఒకటి అచ్చు వేసి ఇచ్చారు. దానికి రంగులు వేసి, వచ్చేవాళ్ల కుర్చీకి వీపు వైపు అంటించాలి. కింద ఒక గీత ఉంది. వచ్చేది అమ్మో నాన్నో తాతయ్యో, అక్కడ రాయాలి.

రంగులు గోరింకే వేసుకోగలదు. చార్టు దగ్గరే చిక్కొచ్చింది. బడి కత్తెర మొండిది, వెన్న కూడా తెగదు. ముందుగదిలో మిషను పక్కన మెరుస్తున్న పెద్ద కత్తెర వైపు చూసి, గుమ్మంలో నిలబడి దగ్గింది.

"ఇలా తే తల్లీ" అంది టైలరమ్మ. చేతిలో ఉన్న పెళ్లివారి జాకెట్టు పక్కన పడేసింది. "చెయ్యి పెట్టు. వేళ్లు బాగా చాపు."

ఆ పిల్ల చెయ్యి తన చేతికి అందడం అదే మొదటిసారి. చిట్టి చెయ్యి, వేళ్ల సందుల్లో స్కెచ్ పెన్ను మరకలు. పెన్సిలు చుట్టూ తిప్పుతుంటే గిలిగింతలు పెట్టి గోరింక కిసుక్కున నవ్వి, వెంటనే నవ్వు మింగేసింది. టైలరమ్మకి మాత్రం ఆ సంతోషం నెత్తికెక్కింది. ఆ ఊపులోనే కత్తెర తీసుకుంది. అన్నేళ్ల నుంచీ గుడ్డ కోసిన చెయ్యి, తన పాటికి తను కోసుకుపోయింది. పోయిన వారం చూసిన సినిమా కబుర్లు చెబుతూ రెండు చేతులూ కోసి, పట్టీకి అంటించి, పిల్ల నెత్తిన పెట్టింది.

పట్టీ జారి ముక్కు మీద కూర్చుంది. కొమ్ములు రెండూ చేటల్లా చెరోపక్క వాలిపోయాయి.

గోరింక దాన్ని తీసి బల్ల మీద పెట్టుకుంది. కొమ్ము మీద తన అరచెయ్యి ఆనించి చూసుకుంది. చుట్టూరా అంగుళం మేర కాగితం మిగిలిపోయింది. లోపల పెన్సిలు గీత బుద్ధిగా కనబడుతూనే ఉంది.

"ఇది నా చెయ్యి కాదు" అంది. కింది పెదవి వణికింది.

టైలరమ్మ నాలుక్కరుచుకుంది. "అయ్యో నా మతి మండా! కుట్టుకి వదిలేశాను!"

"కాగితానికి కుట్టేంటి?"

"కాగితానికి కుట్టేం ఉంటుందే! అలవాటు. గీత మీద కత్తెర పెట్టాలంటే నా చేతికి భయం. నాకు పని నేర్పినావిడ గీత మీద కోస్తే స్కేలుతో ఒక్కటిచ్చేది. ఉండు, ఇప్పుడే సరిగ్గా కత్తిరించి ఇస్తాను."

"భయమెందుకు?"

"తక్కువ కోస్తే అతకలేం కదా. అందులోనూ పిల్లల బట్టలు. వాళ్లు ఊరుకుంటారా, పెరిగిపోతారు. అందుకని లోపల గుడ్డ వదిలి మడిచి కుడతాం. నేను కుట్టిన ఆ గౌను అంచు తిప్పి చూడు."

గోరింక వంగి గౌను అంచు తిప్పింది. లోపల బెత్తెడు మడత ఉంది. ఇన్నాళ్లూ ఒంటి మీద వేసుకు తిరుగుతున్నా అది ఉన్నట్టే తెలియదు. వేలు పెట్టి మడత పొడుగునా రాసి చూసింది.

"ఇదెప్పుడు విప్పుతారు?"

"నువ్వు పొడుగైతే విప్పుతాను. వచ్చే ఏడాది కొంచెం, ఆ పై ఏడాది ఇంకొంచెం."

గోరింక అంచు వదల్లేదు. కళ్లు గౌను మీదే ఉంచి అడిగింది. "అప్పటికి మీరుంటారా?"

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"పిన్ని ఉంటానంది. పెళ్లయింది, వెళ్లిపోయింది" అంది గోరింక. పాఠం అప్పజెబుతున్నట్టు గబగబా చెప్పుకుపోయింది. "అత్త కూడా వచ్చింది. నాకు జడలు బాగా వేసేది. బదిలీ అయింది, వెళ్లిపోయింది. వంటావిడకి నేను కథలు చెప్పేదాన్ని. ఆవిడా మానేసింది. పిలవడం బాగా అలవాటయ్యాక వెళ్లిపోతారు."

ఇన్నాళ్లూ పిల్లకి లోకువైపోయానని కుళ్లుకుంది టైలరమ్మ. ఏడేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడి దగ్గింది పొగరుతో కాదని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. దగ్గరికి లాక్కోవాలనిపించింది కానీ తొందరపడితే పిల్ల బెదిరిపోతుందేమోనని చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"ఉంటాను" అంది. "నేను వదిలిన గుడ్డ నేనే విప్పుతాను. ఇంకొకళ్లు చెయ్యి పెడితే నాకు ఒళ్లు మండుతుంది. కావాలంటే మీ నాన్నని అడుగు, నా కత్తెర ముట్టుకున్నందుకు మొన్న ఎన్ని తిట్లు తిన్నాడో."

కొమ్ములు కత్తిరించబోతుంటే గోరింక లాక్కుంది. "ఇలాగే ఉంచండి" అంది. పట్టీ ఒక్కటే బిగించుకుని, రంగుల పెట్టె పట్టుకుని మూలకి పోయింది. అక్కడ గోడవైపు తిరిగి, మోచెయ్యి అడ్డం పెట్టుకుని, చీకటిపడేదాకా ఏదో రంగులు వేస్తూనే ఉంది. పాటలకి రమ్మని మాత్రం పిలవలేదు. పిలుస్తుందేమోనని టైలరమ్మ అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది కూడా.

పాటల రోజు పొద్దున్న గోరింక బడికి వెళ్లిపోయింది. టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఒకే కుట్టు కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. అంతలో కింది నుంచి మామ్మ కేక.

"అమ్మాయ్! ఇంకా ఇంట్లోనే ఉన్నావేం?"

"మీరు బయల్దేరలేదా మామ్మగారూ?"

"నేనెక్కడికి? నిన్ననే వచ్చి నన్ను రావద్దందిగా మీ గోరింక! నా మోకాళ్ల మీద ఎక్కడలేని జాలీ పుట్టుకొచ్చింది దానికి. నీకు చెప్పలేదూ?"

టైలరమ్మ తాళం వేసిందో లేదో ఆవిడకే తెలియదు. చీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని వీధంతా ఒక్క పరుగు తీసింది. బడి హాలు గుమ్మంలో టీచరు ఆపింది.

"ఎవరి తాలూకండీ?"

"గోరింక... అదే, రెండో తరగతి..."

"ఆ, మాకు తెలియకపోతేనా! మీరు పాపకి ఏమవుతారు?"

టైలరమ్మకి ఒగర్పులో ఏమీ తోచలేదు. "టైలర్నండీ" అంది.

టీచరు విచిత్రంగా చూసి పక్కకి తప్పుకుంది. లోపల వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ వీపు మీదా ఒక రెయిన్‌డీర్. ఎర్ర ముక్కువి, నీలం ముక్కువి, పూల చొక్కా వేసినవి. కింద అమ్మ, నాన్న, అమ్మమ్మ, పెద్దన్నయ్య. టైలరమ్మ వంగి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. ఖాళీగా ఉన్నవి ఒకటో రెండో. చివరి వరసలో ఒక రెయిన్‌డీర్ మెడ చుట్టూ పసుపుపచ్చ పట్టీ వేలాడుతోంది. దాని మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు. టైలరమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. కొలత టేపు ఇంకా అక్కడే ఉంది, హడావుడిలో తియ్యకుండానే పరిగెత్తుకొచ్చింది.

కింద గీత మీద పెన్సిలుతో ఏదో రాసి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపిన గుర్తులు. అన్నిటి మీదా ఆకుపచ్చ రంగుతో వంకర అక్షరాలు:

"ఉంటానంది."