ఖాళీ గడి

ఆమె మొగుడికి రాని విద్య లేదు, ఒక్క తప్పు చేయడం తప్ప. పన్నెండేళ్ల కాపురంలో ఆయన గొడుగు బస్సులో మరిచిపోతే తప్పు బస్సుది. పాలు పొంగిపోతే తప్పు గిన్నెది, ఆ గిన్నె కొన్న ఆమెది. అంతటి మహానుభావుడితో కాపురమంటే మాటలా, ఇంటిల్లిపాది తప్పులూ ఒక్కతే మొయ్యాలి కదా, అనుకుని కూర కలుపుతూ తనలో తను నవ్వుకుంది. పొయ్యి పక్కన గట్టు మీద ల్యాప్‌టాప్. అందులో ఆయన పేరుతో ఆమె రాస్తున్న పత్రం.

ఆయన నెట్‌వర్క్ ఇంజనీరు. పెద్దాసుపత్రిలో వార్డు వార్డులోనూ మిషన్లనీ కంప్యూటర్లనీ కలిపే స్విచ్‌లన్నిటినీ ఒక్కచోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ ఆయన కంపెనీది. ఇన్నాళ్లూ దాన్ని మనుషులు నడిపారు. సోమవారం పొద్దున్నుంచి ఏఐ ఏజెంటు నడుపుతుంది. మామూలు మాటల్లో పని చెబితే చాలు, ఏది ఎలా చెయ్యాలో రాసిన పత్రం చదువుకుని ఆదేశాలు అదే ఇచ్చేస్తుంది. ఆ పత్రం రాయడం ఆయన వంతు. "డిగ్రీ చదివావుగా, ఇంట్లో ఊరికేగా ఉంటావు, కాస్త శుభ్రంగా రాసిపెట్టు" అన్నాడు. 'ఊరికే' అన్న మాట ఆమెకి పాతచుట్టమే.

శుక్రవారం, ఆయన సాధన కోసం ఇచ్చిన నమూనాలో ఒక్కో ఆదేశాన్నీ నొక్కి చూసింది. 'రీస్టార్ట్' పక్కన ఏ వార్డో రాసే గడి ఉంది. ఖాళీగా వదిలి నొక్కింది. తెర మీద స్విచ్చికొకటిగా ఉన్న పచ్చచుక్కలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. నమూనా కాబట్టి సరిపోయింది. ఖాళీ అంటే ఏదీ వద్దని కాదు, అన్నీ అని!

ఈ ఇంటి పద్ధతీ అదేగా. "తువాళ్లు ఆరెయ్యాలి", "బల్బు మార్పించాలి" అని అత్తగారు గాలితో చెప్పేవారు. ఎవరు అన్న గడి ఎప్పుడూ ఖాళీయే. పేరు లేని పనులన్నీ చచ్చినట్టు ఆమెవే. ఆ అత్తగారే ఇప్పుడు తుంటి ఆపరేషనై ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో పడుకుని ఉన్నారు. ఆవిడ గుండె కొట్టుకునే గీత నర్సు ముందున్న తెరకి చేరేది ఆ స్విచ్‌లలోంచే. ఆవిడదే కాదు, ఆ భవనంలో వైర్లు తగిలించుకున్న ప్రతి గుండెదీ.

"వార్డు పేరు లేకపోతే ఆసుపత్రి మొత్తం ఆగిపోతుంది. ఆదేశం ఇవ్వకు. ఆగి, అడుగు" అని రాసింది. ఆయన కొట్టేశాడు. మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేశాడు.

"బుద్ధున్నవాడెవడైనా అది ఖాళీగా వదులుతాడా? మా ఆఫీసులో అందరికీ తెలుసు."

"చదివేది మీ ఆఫీసువాళ్లు కాదు కదండీ. రాయనిది దానికెలా తెలుస్తుంది?"

"కూరలో ఉప్పు సంగతి చూడు తల్లీ, నెట్‌వర్క్ సంగతి నేను చూస్తాగా. ఆదివారం నాటికి ఆఫీసుకి పంపించెయ్."

కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. తక్కువైంది పత్రంలోనే. రెండు రోజులు ఏ బట్ట మడత పెడుతున్నా కళ్లముందు ఎర్రచుక్కలే. ఆదివారం సాయంత్రం పంపే ముందు, కొట్టేసిన లైను మూడోసారి రాసింది. 'రాసినవారు' అన్న గడిలో ఆయన పేరు తుడిచేసింది. తన పేరు రాయడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. ఖాళీగా వదిలి పంపేసింది. అప్పట్నుంచి భయం రెట్టింపయింది. ఆయన చూస్తే ఏమంటాడో అని ఒకటి. ఆ యంత్రం కూడా ఈ ఇంట్లోవాళ్లలాగే తన మాట వినకపోతేనో అని ఇంకొకటి.

సోమవారం తొమ్మిదిన్నర. ఆయన భోజనాల బల్ల దగ్గర, స్పీకర్ ఫోనులో ఆయన ఆఫీసు పెద్దసారు. ఆమె అత్తగారి క్యారేజీ పట్టుకుని గుమ్మంలో.

"రెండో అంతస్తులో ఒక స్విచ్ మొరాయిస్తోందయ్యా, రీస్టార్ట్ చేయించు."

ఆయన ఒక చేత్తో కాఫీ తాగుతూ ఇంకో చేత్తో ఏజెంటుకి టైపు చేశాడు: 'స్విచ్ రీస్టార్ట్ చెయ్'. అంతే. అంతస్తు లేదు, వార్డు లేదు.

"ఏమండీ!" అని ఆమె అనేలోపే నొక్కేశాడు.

తెర మీద చుక్క తిరుగుతోంది. ఆమె కళ్లముందు మూడో అంతస్తు, ఆ గీత, ఆ నర్సు...

జవాబు వచ్చింది: 'ఏ వార్డో చెప్పలేదు. పేరు లేకపోతే ఆసుపత్రి మొత్తం ఆగిపోతుందని పత్రంలో ఉంది. ఆగాను. ఏ వార్డు?'

ఆయన చేతిలో కప్పు గాల్లోనే ఉండిపోయింది. అవతల అదే తెర చూస్తున్న పెద్దసారు గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఎంత గండం తప్పిందయ్యా! ఆ లైను ఎవరు రాశారు? 'రాసినవారు' గడి ఖాళీగా ఉందేంటి? అసలు వార్డు లేకుండా ఆదేశం పంపిందెవరు?"

ఇవాళ నేరం ఎవరి మీద పడుతుందా అని ఆమె చూసింది. కీబోర్డు మీదా, కాఫీ మీదా, గుమ్మంలోంచి 'ఏమండీ' అని అడ్డుపడబోయిన తన మీదా? ఆయన తల తిప్పి ఆమె వంక చూశాడు. కప్పు బల్ల మీద పెట్టాడు.

"పంపింది నేనే సార్. ఆ లైను మా ఆవిడ రాసింది, పత్రం మొత్తం తనే రాసింది. నేను రెండుసార్లు కొట్టేశాను. తప్పు నాది."