తహసీన్ కుట్టిన అష్టాచెమ్మా

చూపు పూర్తిగా పోయేనాటికి పద్మశ్రీకి యాభై నిండలేదు. నీటికాసులన్నారు డాక్టర్లు. పట్టించుకునేసరికే ఆలస్యమైంది. ప్రొద్దుటూరులో మొగుడు లక్ష్మీనారాయణ బట్టల కొట్టులో కూర్చుని, వచ్చినవాళ్ల ఒంటి రంగు చూసి చీర తీసిచ్చిన మనిషి ఇంట్లో మంచానికే అతుక్కుపోయింది.

పక్కింటి తహసీన్ జాకెట్లు కుడుతుంది. ఒక మధ్యాహ్నం ఆమె మందపాటి గుడ్డ ఒకటి తెచ్చి మంచం మీద పరిచింది.

"వేళ్లు పెట్టి చూడక్కా. ఏందో చెప్పు."

గళ్ల గీతలన్నీ లావు దారంతో ఉబ్బెత్తుగా కుట్టి ఉన్నాయి. కాయను చంపకూడని గళ్లలో ఒక్కో గుండీ. ప్రతి గడిలో అంటుకునే పట్టీ ముక్క, కాయల అడుగునా అదే. ఎంత తడిమినా కాయ కదలదు. పద్మశ్రీకి నున్నటి కాయలు, తహసీన్‌కు గరుకువి.

"అష్టాచెమ్మా!" అంది పద్మశ్రీ. శానా రోజుల తర్వాత ఆ గొంతులో ప్రాణం వినబడింది.

ఆనాటి నుంచి మధ్యాహ్నమైతే ఆటే. పద్మశ్రీ తన గవ్వలు బోర్లా పడ్డాయో వెల్లకిలా పడ్డాయో తడిమి తనే పందెం చెప్పేది. తహసీన్ కాయను చంపితే వీధిలోకి వినిపించేలా అరిచేది. "మళ్లా చంపినావే, నీ చేతులు పడిపోనూ!" అని తహసీన్ తిట్టేది. పద్మశ్రీకి ఆ తిట్టు ఎంత బాగుండేదో! మిగతా అందరూ ఆమెను 'పాపం' అనేవాళ్లే.

తహసీన్ మొగుడు ఉస్మాన్ పులివెందులలో మెకానిక్ షెడ్డు పెట్టుకోవడంతో వాళ్లు ఊరు మారారు. ఆ తర్వాత భోజనానికి ఇంటికొచ్చే లక్ష్మీనారాయణే పెండ్లాంతో ఆటకు కూర్చునేవాడు. రోజూ పద్మశ్రీయే గెలిచేది. మొదట సంతోషించింది. తర్వాత అనుమానం వచ్చి, ఆయన వేసిన గవ్వలనూ తడమడం మొదలుపెట్టింది.

ఒకరోజు ఆయనకు మూడు పడింది. ఆయన కాయకు సరిగ్గా మూడు గళ్ల ముందు ఆమె కాయ ఉంది. ఆయన ఇంకో కాయ జరిపి, "నీ పందెం" అన్నాడు.

పద్మశ్రీ గళ్లన్నీ తడిమింది.

"నా కాయను చంపలేదేందయ్యా?"

"చూసుకోలేదే."

"కండ్లుండి చూసుకోలేదా? కావాలని ఓడిపోతాండావు."

"నువ్వు గెలిచిన రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటాండావు, అందుకే. తహసీన్ కూడా పోతాపోతా అదే చెప్పింది. 'అప్పుడప్పుడు ఓడిపోతా ఉండన్నా, అక్క మనసు బాగుంటాది' అని..."

నోరు జారానని ఆయనకు అప్పుడు తెలిసింది.

"దానికి ఫోన్ కలుపు."

"ఇప్పుడెందుకు..."

"కలుపయ్యా!"

తహసీన్ "ఎట్లుండావక్కా" అంటుండగానే పద్మశ్రీ అడిగింది. "నువ్వు వేసిన గవ్వలు నేనెప్పుడూ తడమలేదు తహసీన్. నువ్వు చెప్పిన పందెమే నమ్మినా. అబద్ధం చెప్పినావా?"



"అన్నిసార్లూ కాదక్కా. నువ్వు దిగులుగా ఉన్నప్పుడే..."

"నేను దిగులుగా లేనిదెప్పుడు?"

తహసీన్ ఏడ్చింది. "నిజంగా గెలిచినవీ శానా ఉండాయక్కా. అల్లా మీద ఒట్టు."

"ఏవి?"

"ఇప్పుడెట్ల గుర్తుంటాయక్కా" అంది తహసీన్. పద్మశ్రీ ఫోన్ మొగుడి చేతికిచ్చేసింది. ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకోబోయింది. దేన్ని ఉంచుకోవాలో, దేన్ని పారేయాలో తెలియలేదు.

మర్నాడు లక్ష్మీనారాయణ బతిమాలాడు. "ఈసారి నిజంగా ఆడతా పద్మా. నా మాట విను." ఆమె కూర్చుంది. అవకాశం రాగానే ఆయన ఆమె కాయను చంపేశాడు. "చూసినావా?" అన్నాడు గట్టిగా.

తనను నమ్మించడానికే చంపాడేమో అనిపించింది ఆమెకు. ఇక ఏ కాయ చచ్చినా, ఏ కాయ పండినా అదే అనిపిస్తుందని కూడా తెలిసిపోయింది. గవ్వలు గుప్పిట్లో ఉండగానే గోడవైపు తిరిగి పడుకుంది.

"నీ పందెమే పద్మా" అన్నాడాయన.

ఆమె గుప్పిట తెరవలేదు.