ఆరో నంబరు జెర్సీ

తమ్ముడి మీది కుళ్లుతో ఫింటన్ దేవానీ ఆరో నంబరు జెర్సీని మాయం చేశాడనీ, అందువల్లనే ఒక్క చర్చి కిందికి వచ్చే మా పారిష్ ఫుట్‌బాల్ జట్టు ముప్పై ఏళ్ల కిందట కౌంటీ ఫైనల్‌లో ఓడిపోయిందనీ బాలిన్‌డర్రిగ్‌లో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ఎలా తెలుసని అడిగితే, "అందరికీ తెలుసు కదా మాస్టారూ" అంటారు. నిప్పు లేనిదే పొగ రాదని కూడా అంటారు. పదవీ విరమణ చేసేదాకా నేను ఆ ఊరి పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పాను. నిప్పు లేకుండా పొగ పుట్టించడం మా ప్రయోగశాలలో మొదటి వారపు ముచ్చట. అయినా ఆ సామెతతో వాదించి ఏనాడూ గెలవలేదు.

అసూయ లేదని మాత్రం అనను. అది నిండుగా ఉండేది, దాపరికం లేకుండా ఉండేది.

బంతిని కాళ్లతోనూ చేతులతోనూ ఆడే మా ఫుట్‌బాల్‌లో ఆరో నంబరు అంటే రక్షణ పంక్తికి నట్టనడుమ చోటు. ఎదుటి జట్టు దాడి మొదట వచ్చి తగిలేది ఆ మనిషికే. మలకీ దేవానీ తన వయసులో ఆ చోట నిలబడ్డాడు. ఆయన తరువాత కొడుకు బార్ట్లీ, బార్ట్లీ తరువాత అతని పెద్దకొడుకు ఫింటన్. బార్ట్లీ కౌంటీ జట్టుకు, అంటే పారిష్‌లన్నిట్లోంచీ ఏరిన జట్టుకు, ఆడి తెచ్చిన పతకాలు వంటింటి గోడ మీద, యేసుప్రభువు పటానికి కాస్త పైనే వేలాడుతుండేవి. ఫింటన్‌కు కౌంటీ నుంచి పిలుపు ఎన్నడూ రాలేదు. అతనికన్నా ఏడేళ్లు చిన్నవాడైన కాథల్‌కు మీసాలు సరిగా మొలవకముందే వచ్చింది.

ఆ వార్త పేపర్లో పడిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. తల్లి నోరా బంగాళాదుంపల గిన్నె బల్ల మీద పెడుతోంది. కాథల్ ఫోటో చుట్టూ అందరూ మూగారు.

"ముక్కు మరీ పెద్దగా పడిందిరా," అన్నాడు ఫింటన్.

"నీ ఫోటో పడితే కదా అన్నయ్యా, నీ ముక్కు సంగతి తెలిసేది."

బార్ట్లీ పేపరు అందుకుని, దూరంగా పట్టుకుని చూసి, మడిచి పక్కన పడేశాడు. "మీ ఇద్దర్నీ కలిపి కుట్టినా నా ఎడమకాలికి సరిపోరు. ఆ ఆరో నంబరు నాది. మీరు అద్దెకు వాడుకుంటున్నారు, అంతే."

"నీ ఎడమకాలు పొయ్యి ముందు చాపుకోడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు," అంది నోరా. "పక్కకి జరుపు, కూర వలికిపోతుంది."

అందరూ నవ్వారు. బార్ట్లీ నవ్వలేదు. ఫింటన్ నవ్వాడు గాని, అతని చూపు భోజనమంతా ఆ మడిచిన పేపరు మీదే ఉంది.

కౌంటీ ఫైనల్ జరగవలసిన వారంలోనే తాత మలకీ కన్నుమూశాడు. గురువారమంతా ఇంటినిండా జనం. శవం ముందు గదిలో ఉంది. వంటింట్లో, పొయ్యికి పైన కట్టిన తాళ్ల మీద, జట్టు జెర్సీలన్నీ ఆరుతున్నాయి. ఆ వారం బట్టలు ఉతికే వంతు నోరాది. "నేను ఉతుకుతానులే" అని పొరుగావిడ అడిగితే, "మామగారు పోయాడని ఆదివారం మ్యాచ్ ఆగుతుందా? ఆగితే ఆయనే లేచి తిడతాడు" అని కసురుకుంది.

ఆ సాయంత్రం మైదానంలో ప్యాకీ గోర్మ్లీ జట్టును ప్రకటించాడు. జట్టును ఎంపిక చేసేవాళ్లలో అతని మాటకు ఎదురు లేదు. నేను కంచె పక్కన నిలబడి విన్నాను.

"ఐదు, సీమస్. ఆరు, కాథల్ దేవానీ."

ఫింటన్ చేతిలోని బంతిని నేలకు వదిలేశాడు.

"మరి నేను?"

"నువ్వు బయట కూర్చో ఫింటన్. నీ కాళ్లు బరువెక్కాయి. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు."

వెనక నుంచి ఎవడో అన్నాడు. "చూడరా మొహం! ఆకుపచ్చగా అయిపోయింది. కుళ్లుగా ఉందా ఫింటన్?"

"కుళ్లే," అన్నాడు ఫింటన్. "వాడు నాకంటే మంచి ఆటగాడు కాబట్టే కుళ్లు. చేతకాని వెధవ అయితే నాకెందుకుంటుంది? నీ మీద ఎప్పుడన్నా కుళ్లుకున్నానా?"

మైదానమంతా గొల్లున నవ్వింది. అతడు మాత్రం బూట్లు కూడా విప్పకుండా కారెక్కి, తాను పనిచేసే కలప కోతమిల్లు ఉన్న స్లైగో పట్టణానికి వెళ్లిపోయాడు. ఇంటికి రాలేదు. తాత పక్కన ఆ రాత్రి కాథల్ కూర్చున్నాడు.

శుక్రవారం ఉదయం నేను వాళ్ల వంటింట్లో టీ తాగుతున్నాను. తల మీద వేలాడుతున్న జెర్సీ అంచు నుంచి ఒక నీటిబొట్టు నా కప్పులో పడింది. తలెత్తి చూస్తే అది ఆరో నంబరు. శవపెట్టెకు మూత బిగించే వేళ అయింది. జనం గుసగుసలాడుతున్నారు: "ఫింటన్ ఇంకా రాలేదు. కుళ్లు ఎంతకు తెచ్చిందో చూడు, తాత మొహం చూడడానిక్కూడా రాలేదు." బార్ట్లీ అందరినీ వాకిట్లోకి పంపేశాడు. "వాడి కోసం ఆగక్కర్లేదు. మా నాన్నతో నేనొక్కణ్ణే కాసేపుంటాను" అన్నాడు. కొంతసేపటికి తలుపు తీసి, మూత బిగించడానికి మనుషులను పిలిచాడు.

ఫింటన్ నేరుగా చర్చికి వచ్చాడు. అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి పెట్టె మోశారు. మొహాలు చూసుకోలేదు. ఖననం తరువాత ఫింటన్ ఇంటికి వచ్చి, ఆదివారం దాకా అక్కడే ఉన్నాడు.

ఆదివారం డ్రెస్సింగ్ గదిలో జెర్సీల సంచి విప్పారు. ప్యాకీ ఒక్కొక్క నంబరూ పిలిచి, ఒక్కొక్కరి చేతికీ జెర్సీ ఇవ్వడం మా ఆచారం. ఐదు తరువాత అతని చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. అందరి తలలూ ఒకేసారి ఫింటన్ వైపు తిరిగాయి.

"ఎక్కడ దాచావురా?"

"నేను తియ్యలేదు."

"మొన్న రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో ఎవరు కూర్చున్నారు?" అన్నాడు కాథల్.

"నేనే. టీ పెట్టుకుని, నీ మీద కుళ్లుకుంటూ కూర్చున్నాను. కుళ్లు నాదే తమ్ముడూ, కాదనను. జెర్సీ మాత్రం నేను ముట్టుకోలేదు."

మనుషులు మొదటి సగం విన్నారు. రెండో సగం ఎవరికీ వినబడలేదు. తలుపు దగ్గర టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ బార్ట్లీ, "ఆటకు వేళైంది, కదలండి" అని మాత్రం అన్నాడు.

కాథల్ అదనపు ఆటగాడి జెర్సీ తొడుక్కుని ఆడాడు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. రెండో సగమంతా వాన మా మొహాల మీదికి కొట్టింది, పైగా వాళ్ల జట్టు మాకంటే మెరుగైనది. వీపు మీది అంకెకు బంతి దారి మళ్లించే శక్తి ఉందని ఏ భౌతిక శాస్త్రమూ చెప్పదు. ఊరు మాత్రం చెప్పింది.

ఆ తరువాత కాథల్ కౌంటీకి పదేళ్లకు పైగా ఆడి, తండ్రి పతకాల పక్కన తనవీ తగిలించాడు. మోకాళ్లు అరిగాక, ప్యాకీ పక్కన కూర్చుని జట్టును ఎంచే పెద్దమనిషి అయ్యాడు. ఫింటన్ స్లైగో దగ్గర ఎవరికీ తెలియని ఒక చిన్న క్లబ్బుకు ఆడాడు. మా దగ్గర ఆటగాడు పారిష్ మారడమంటే పెళ్లాన్ని వదిలేసినట్టే లెక్క. తమ్ముడు ఆడే మ్యాచ్‌లకు టికెట్ కొనుక్కుని వచ్చి, ఎదుటి జట్టు వాళ్ల మధ్య నిలబడి చూసేవాడు. ఒకసారి నేను అతని పక్కకు చేరాను. కాథల్ బంతిని గాలిలో అందుకున్నప్పుడు ఫింటన్ దవడ బిగుసుకుంది.

"ఇంకా ఉందా?" అన్నాను.

"ఎక్కడికి పోతుంది మాస్టారూ? మంచిగా ఆడినప్పుడల్లా పొడుస్తుంది. చెత్తగా ఆడితే ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతాను."

కారణం ఉన్నంత మాత్రాన సాక్ష్యం ఉన్నట్టు కాదని ఊళ్లో చాలామందికి చెప్పి చూశాను. ప్యాకీ దగ్గర దానికి సమాధానం సిద్ధంగా ఉండేది. "మీరు దేవుణ్ణే నమ్మరు మాస్టారూ, ఫింటన్ గాణ్ణి నమ్ముతారా?"

మొన్న ఫిబ్రవరిలో బార్ట్లీ పోయాడు. తనను తండ్రి గోతిలోనే పెట్టాలన్నాడట. మా దగ్గర గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగువాళ్లే, సొంతవాళ్లు పార ముట్టరు. ప్యాకీ, అతని అల్లుడు దిగారు. పార పట్టే వయసు నాకు దాటిపోయింది కనుక టీ ఫ్లాస్కు పట్టుకెళ్లాను.

"రేపు ఫింటన్‌ను పెట్టెకు భుజం పట్టనివ్వనని కాథల్ అంటున్నాడు," అన్నాడు ప్యాకీ తవ్వుతూ. "కన్నతండ్రిని మొయ్యనివ్వకపోవడం చిన్న మాట కాదు. నేను మాత్రం సరేనన్నాను. పారిష్‌కి ద్రోహం చేసినవాడు."

మలకీ పెట్టె ఎప్పుడో కుంగిపోయి మట్టిలో కలిసింది. ఎముకలను జాగ్రత్తగా ఒక పక్కకు చేరుస్తుండగా ప్యాకీ పారకు బట్ట తగులుకుంది. లాగితే చేతి ఎముకల కింద నుంచి వచ్చింది. అతడు బొటనవేలితో మట్టి తుడిచాడు. ఎర్రటి రంగు, దాని మీద తెల్లటి ఆరు.

"ఇదేంటి మాస్టారూ, ఇది కుళ్లలేదే?"

"ఉన్ని అయితే ఎప్పుడో మట్టయ్యేది. ఆ ఏడు కొన్న జెర్సీలు పాలియెస్టర్. పురుగులు దాన్ని తినవు."

ప్యాకీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత అతని మొహం వెలిగింది.

"దొంగ వెధవ! తాత పెట్టెలో దాచాడన్నమాట!"

"పెట్టెకు మూత ఎక్కడ బిగించారు ప్యాకీ?"

"ఇంట్లో. శుక్రవారం పొద్దున. బార్ట్లీ ఒక్కణ్ణీ లోపల వదిలి వాకిట్లో మనమంతా లేమూ?"

"ఫింటన్ ఉన్నాడా?"

ప్యాకీ జెర్సీని గోతి గట్టు మీద పెట్టాడు. తాత కడసారి చూపుకైనా రాలేదని ఫింటన్‌ను ముప్పై ఏళ్లుగా తిట్టింది అతడే. అల్లుడు పైకి చూడకుండా గోతి అంచు సరిచేయసాగాడు.

ఆ ఉదయం ఆరో నంబరు వంటింటి తాడు మీద ఉంది. మలకీ పెట్టెకు మూత బిగించినప్పుడు ఫింటన్ స్లైగోలో ఉన్నాడు.