గేటుకి అడ్డంగా ఇంజను

ఆ పొద్దున చైన్ కప్పీ మాణిక్యం షెడ్డు ముందు ఆగకుండా వెళ్లిపోయింది.

బందరులో గుడివాడ రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్లన్నిటికీ కలిపి ఒక్కటే కప్పీ. కారులోంచి ఇంజను లేపాలంటే మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, దానికి కప్పీ తగిలించి, గొలుసు లాగాలి. ఒకరి పని కాగానే పక్క షెడ్డుకు అందించాలి, లాగడానికి తామూ ఓ చెయ్యి వెయ్యాలి. అది అక్కడి కట్టుబాటు. ఎంత తగువులాడుకున్నా కప్పీ మాత్రం ఇన్నాళ్లూ ఎవరినీ దాటిపోలేదు. ఇవాళ దాటింది. మోసుకెళ్తున్న వాళ్లలో సొంత బావమరిది ఏసుబాబు కూడా ఉన్నాడు. తల తిప్పి చూడను కూడా చూడలేదు.

అవనిగడ్డ నుంచి వచ్చిన కారు ఇంజను బోల్టులు విప్పి సిద్ధంగా పెట్టుకున్నాడు మాణిక్యం. ఒక్కడూ ఏం లేపుతాడు? పానా కింద పడేసి కారు నీడలో కూలబడ్డాడు. టీ కొట్టుకు వెళ్లబుద్ధి కాలేదు. వెళితే బల్ల మీదవాళ్లు లేచిపోతారు. అది చూడటమే అన్నిటికన్నా కష్టంగా ఉంది అతనికి.

అతను చేసిన నేరమల్లా యూనియన్ మీటింగులో నోరు తెరవడం. పై దేశాలవాళ్లు వాడి వదిలేసిన కార్లను మన దేశంలోకి రానివ్వాలా వద్దా అని ఢిల్లీలో తర్జనభర్జన జరుగుతోందనీ, రానిస్తే బందరు పోర్టులోనే దింపుతారనీ ఊరంతా చెప్పుకుంటున్న రోజులవి. సోమేశ్వరరావు అనే కాంట్రాక్టరు అప్పుడే పోర్టు దారిలో యార్డు కట్టేశాడు, నమూనాకని కొన్ని కార్లు తెప్పించాడు.

“రానియ్యండయ్యా! పాత కారంటే రిపేరు, రిపేరంటే మనం. లేనోడు కూడా కారెక్కుతాడు, తప్పేంటి?” అన్నాడు ప్రెసిడెంటు రాంబాబు. అందరూ చప్పట్లు కొట్టారు.

మాణిక్యం లేచాడు. “లేనోడు కారెక్కొద్దని నేనట్లేదండీ. ఆళ్లు తుక్కు కింద కొట్టాల్సిన బళ్లు మన నెత్తిన పడేస్తున్నారు. స్పేర్లు కాంట్రాక్టరు దగ్గరే, యార్డు తాళాలు ఆయన దగ్గరే. మన పానా తగలనిస్తాడా? అవి మూలపడ్డాక ఆ తుక్కు కుప్పలు మన కాలవ గట్ల మీద కాక ఎక్కడుంటాయి?”

“పనొచ్చే టైములో ఆ పాడు మాటలేంటి బావా! కూర్చో!” అందరికంటే ముందు అరిచింది ఏసుబాబే.

ఆ రోజు నుంచి అతనితో ఎవరూ మాట్లాడలేదు. వెలెయ్యమని కాంట్రాక్టరు ఎవరికీ చెప్పలేదు. ఆ పని మనవాళ్లే చేసిపెట్టారు. ఆయనకు ఇంతకన్నా ఏం కావాలి!

కప్పీ దాటిపోయిన ఆ సాయంత్రమే సోమేశ్వరరావు మెకానిక్కులను యార్డుకు పిలిచాడు. పిలుపు లేకపోయినా మాణిక్యం కాళ్లు ఆగలేదు. గేటు బయట ఇనప వల పట్టుకుని నిలబడ్డాడు. లోపల తెల్ల కారొకటి స్టార్ట్ చేశారు. ఇంజనులో ఎక్కడో కటకటమని చప్పుడు. మెకానిక్ చెవిన అలాంటి చప్పుడు పడితే, చెయ్యి అతన్ని అడక్కుండానే బానెట్ మీదికి పోతుంది. ఏసుబాబు చెయ్యీ అలాగే పోయింది. బానెట్ ఎత్తాడు.

యార్డు సూపర్‌వైజరు పరుగున వచ్చి అతని చెంప ఛెళ్లుమనిపించాడు.

“ఎవడ్రా నిన్ను ముట్టుకోమంది? రిపేర్లకి కంపెనీ మనుషులొస్తారు. మీరు బళ్లు కడగడానికి, నెట్టడానికి!”

సోమేశ్వరరావు పక్కనే నిలబడి, “అతనికి కాస్త కోపమెక్కువ, సర్దుకోండయ్యా,” అని నవ్వాడు. ఒక్కరూ కదల్లేదు.

‘అప్పుడే చెప్పాగా’ అన్న మాట మాణిక్యం నోటిదాకా వచ్చింది. చెంప పట్టుకుని ఏసుబాబు గేటువైపు చూశాడు. ఆ చూపుకు మాట లోపలే ఉండిపోయింది. మాణిక్యానికి ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు ముందు గొలుసు చప్పుడైంది. స్టాండు రాంబాబు భుజం మీద, కప్పీ ఏసుబాబు భుజం మీద. వెనక షెడ్లవాళ్లందరూ ఉన్నారు.

“నీ ఇంజను లేపుదాం పద బావా.”

“నాదే తప్పయ్యా మాణిక్యం,” అన్నాడు రాంబాబు.

మాణిక్యం పానా చేతికి తీసుకున్నాడు. “తప్పుల సంగతి తర్వాత చూద్దాంలెండి. ఇది లేపాక, నా దగ్గర పాత అంబాసిడర్ ఇంజనొకటి పడుంది. దాన్ని యార్డు గేటు ముందు లేపుదాం.”

ఎండ ముదిరేసరికి యార్డు గేటుకి అడ్డంగా స్టాండు నిలబడింది. దానికి మనిషి ఛాతీ ఎత్తున ఇంజను వేలాడుతోంది. లారీలు ఆగిపోయాయి. ఆటోవాళ్లు, కాలేజీ పిల్లలు వచ్చి చుట్టూ కూర్చున్నారు. పోలీసులు దిగారు.

“ఎవరిదయ్యా ఈ ఇంజను?” అన్నాడు ఎస్సై.

“నాదండీ,” అని మాణిక్యం ముందుకొచ్చాడు.

జీపులో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య కూర్చోబెట్టారు. తలుపు పడింది. మళ్లీ ఒక్కడే. లోపలి నుంచి బయటేమీ కనిపించదు. “దించండ్రా ఇంజను! లేకపోతే అందర్నీ లోపలేస్తా!” అని ఎస్సై అరవడం వినిపించింది. తర్వాత అంతా నిశ్శబ్దం. దించేస్తారా? భయపడ్డ మనుషులు, పిల్లలున్న మనుషులు. దించినా ఏమీ అనుకోకూడదని మనసుకు చెప్పుకున్నాడు.

గొలుసు కదిలింది. మాణిక్యం కళ్లు మూసుకుని విన్నాడు. దించేటప్పుడు కప్పీ మెత్తగా జారుతుంది. లేపేటప్పుడే చక్రం పన్ను పన్నుకీ టక్కు టక్కుమంటుంది.

జీపు మలుపు తిరిగేదాకా ఆ టక్కు టక్కు వినిపిస్తూనే ఉంది.